వెయ్యి మాటల వ్యాసం ఏమైంది?

ఇబ్రహీంపట్నం అనగానే సాగర్ రోడ్డు మీది ఇంజినీరింగ్ కాలేజీలే అందరికీ గుర్తొస్తాయి. ఎం.ఏ. తెలుగు చదివి, లెక్చరర్ కావాలని రాష్ట్ర అర్హత పరీక్ష సెట్‌కు తయారయ్యే పిల్లలూ ఈ ఊళ్లో ఉన్నారు. ఆదివారాలు కొందరు నా దగ్గరికి వస్తారు. చేతిలో కావ్యాల కన్నా బిట్ల పుస్తకాలే ఎక్కువ. వాళ్లను తప్పుపట్టలేను. పరీక్ష ఏది అడిగితే చదువు దాని వెంటే పోతుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం జరిపే సెట్‌లో రెండు పేపర్లుంటాయి. మొదటిది అందరికీ ఒకటే. బోధన, పరిశోధన, తర్కం, పర్యావరణం వగైరాల మీద 50 ప్రశ్నలు, 100 మార్కులు. రెండోది సొంత సబ్జెక్టు, 100 ప్రశ్నలకు 200 మార్కులు. అంతా కలిపి 3 గంటలు. అంటే ప్రశ్నకు 72 సెకన్లు. తప్పు రాస్తే మార్కులు కోయరు గనుక తెలియనిదానికీ ఏదో ఒకటి పెట్టి వస్తారు. దేశమంతటికీ జరిగే అర్హత పరీక్ష యూజీసీ నెట్‌దీ ఇదే పద్ధతి.

ఇదివరకు ఇలా లేదు. 2011 డిసెంబరు దాకా నెట్‌లో మూడో పేపరు రాతపరీక్షే. చిన్న జవాబులు, పెద్ద జవాబులు, ఒకప్పుడైతే చివర వెయ్యి మాటల దాకా సాగే 40 మార్కుల వ్యాసం. 2012 జూన్ నుంచి అదీ బిట్ల పేపరైంది. 2018లో మూడో పేపరే తీసేశారు.

పోయిందేమిటో మొన్న గురజాడ నాటకం కన్యాశుల్కం దగ్గర బాగా తెలిసింది. నాటకం మొదట ఆడింది 1892లో, అచ్చయింది 1897లో, తిరగరాసిన కూర్పు వచ్చింది 1909లో. సంవత్సరాలు అడిగితే ఒకమ్మాయి తడుముకోకుండా చెప్పింది. ‘‘మరి రెండో కూర్పులో గురజాడ ఏం మార్చారమ్మా?’’ అన్నాను. ‘‘అది బిట్‌గా రాదు కద సార్’’ అంది. నిజమే, రాదు. అందులోని వేశ్య పాత్ర మధురవాణి ఎంత ఎదిగిందో, ఆమె ఎదగడంతో నాటకమే ఎటు తిరిగిందో నాలుగు ఆప్షన్లలో పట్టదు. రేపు క్లాసులో పిల్లలు అడిగేది మాత్రం అదే. ఆ అమ్మాయికి తెలివి తక్కువేం కాదు. రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదవమని ఆమెను ఎవరూ అడగలేదు, అంతే.

బిట్లన్నీ పనికిరానివని నేననను. అసర్షన్–రీజన్ ప్రశ్న నాకు చాలా ఇష్టం. రెండు వాక్యాలూ నిజమే కావచ్చు, అయినా రెండోది మొదటిదానికి కారణం కాకపోవచ్చు. ఆ తేడా పట్టుకోలేనివాళ్లు పరిశోధన చేయలేరు. రాతపరీక్షలో దిద్దేవారిని బట్టి మార్కులు మారతాయన్న మాటా కొట్టిపారేయలేం. మార్కులకు మించి, ఒక పల్లె నుంచి వచ్చిన అభ్యర్థికి ఎవరి దయా అక్కర్లేకుండా న్యాయం జరగడం నాకు ముఖ్యం. బిట్ల పరీక్ష ఆ మేరకు మేలే చేసింది.

కానీ ఇప్పుడు ఈ పరీక్ష బరువు ఇంకా పెరిగింది. నెట్ మార్కులతో పీహెచ్‌డీ ప్రవేశాలు ఇవ్వొచ్చని 2024లో యూజీసీ ప్రకటించింది. పరిశోధక ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) రానివాళ్ల విషయంలో 70 శాతం ఆ మార్కులకు, 30 శాతం ఇంటర్వ్యూకు. ఒక్క పేరా రాయించకుండానే మనిషిని సిద్ధాంత గ్రంథం రాయడానికి పంపుతున్నామన్నమాట. తెలుగు శాఖల్లో ఇది మరీ బాధ కలిగిస్తుంది. మన పనే రాయడం కదా.

సెట్‌లోనైనా నెట్‌లోనైనా అర్హత దక్కేది పరీక్ష రాసినవాళ్లలో 6 శాతానికి. వడపోత బిట్లతోనే జరగనివ్వండి. అందరిచేతా ఒక వ్యాసం రాయించి, బిట్లలో అర్హత గీత దగ్గరకు వచ్చినవాళ్ల కాగితాలే దిద్దండి. పేర్లు కనబడకుండా, ఇద్దరు వేర్వేరుగా దిద్దాలి. ఇద్దరి మార్కులకూ బాగా తేడా వస్తే మూడో మనిషికి పంపాలి. విశ్వవిద్యాలయాలకు ఇదేమీ కొత్త పని కాదు.