అక్కడ హిందీ, ఇక్కడ అరబ్బు

కోనసీమ మీద ఎవరు ఏం రాసినా కొబ్బరిచెట్టు దగ్గర మొదలుపెట్టి గోదారి పాయ దగ్గర ఆపుతారు. సినిమావాళ్ళయితే మధ్యలో ఒక పడవ వేస్తారు. మా అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు వీటితోపాటు ఇంకొకటి కూడా ఉంది. కువైట్. ఏ పేటలో అడిగినా ఎవరి అక్కో, ఎవరి కోడలో కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది. కొత్తగా వేసిన స్లాబు చూపించి "అది కువైట్ డబ్బు" అంటారు. దళితపేటల నుంచి వెళ్ళారు, కాపుల్లోనూ శెట్టిబలిజల్లోనూ లేనివాళ్ళు వెళ్ళారు, సాయిబుల ఇళ్ళ నుంచీ వెళ్ళారు. వెళ్ళేటప్పుడు అందరిదీ ఒకటే ఆకలి. తిరిగొచ్చాక ఆ డబ్బుకి పెట్టే పేర్లలోనే తేడా. మేరీ పంపితే కష్టార్జితం. ఫాతిమా పంపితే పెట్రోడాలరు.

ఈ మాట గాలిలోంచి పుట్టింది కాదు. 1981లో తమిళనాడులోని మీనాక్షిపురంలో దళిత కుటుంబాలు ఇస్లాంలోకి మారినప్పుడు గల్ఫ్ డబ్బు పనిచేసిందని దేశమంతా గోలెత్తింది. ఊళ్ళో తమను మనుషులుగా చూడలేదని ఆ కుటుంబాలు చెప్పుకున్నది ఆ గోలలో పడి కొట్టుకుపోయింది. అప్పట్నుంచీ మసీదుకి సున్నం వేసినా, మదర్సాకి రేకులు మార్చినా డబ్బెక్కడిదన్న ప్రశ్న మా వెనకాల నడుస్తూనే ఉంది. 2022లో విదేశాల్లోని భారతీయులు ఇళ్ళకి పంపింది 11 వేల కోట్ల డాలర్లు దాటింది. దేశం తన లెక్కలో ఫాతిమా డబ్బుని విడిగా తీసిపెట్టలేదు. అందరిదీ కలిపే చూసి గర్వపడింది.

ఇక గల్ఫ్ కథని కళగా చేసినవాళ్ళ సంగతి. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగింది. ఆ తర్వాత 59 రోజుల్లో లక్షకు పైగా భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాలు ఇంటికి చేర్చాయి. అందులో మన గోదావరి జిల్లాలవాళ్ళూ ఉన్నారు. 2016లో హిందీలో వచ్చిన 'ఎయిర్‌లిఫ్ట్' సినిమా దీని మీదే. అక్షయ్ కుమార్ వేసిన పాత్ర కోటీశ్వరుడైన వ్యాపారి, కల్పితం. మొత్తం కథ ఆయన మనసు మారడం చుట్టూ తిరుగుతుంది. సినిమా వచ్చాక మా పాత్ర సరిగా చూపలేదని విదేశాంగ శాఖ నొచ్చుకుంది. అధికారులు తమ వాటా తాము అడిగారన్నమాట. అరబ్బుల వంటిళ్ళలోంచి జీతం బాకీలు వదులుకుని, పాస్‌పోర్టు ఎక్కడుందో తెలియక బయటపడ్డ ఆడమనిషి వాటా ఎవరు అడగాలి? ఆమె తెర మీద గుంపులో ఒక తల.

అదే యుద్ధం చమురు ధర పెంచింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుని దెబ్బతీసింది. 1991 నాటికి మన విదేశీ మారకం అడుగంటి, దేశం బంగారాన్ని విమానంలో లండన్ పంపి తాకట్టు పెట్టారు. ఆ జూలైలోనే కొత్త ఆర్థిక విధానం వచ్చింది. మన మేధావులు సరళీకరణ చరిత్రని మన్మోహన్ సింగ్ బడ్జెట్ ప్రసంగంతో మొదలుపెడతారు. ఉత్త చేతుల్తో విమానం దిగిన వంటమనిషితో మొదలుపెట్టినా అది ఆ చరిత్రే అవుతుంది. చమురు మాటెత్తాం కాబట్టి ఇంకోటి. మా కాళ్ళ కిందా గ్యాసుంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలు దాటి మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. ఆ గ్యాసు మీద పుట్టినవాళ్ళు చమురున్న ఇంకో దేశానికి గిన్నెలు కడగడానికి పోతున్నారు. దీని మీద సినిమా తీస్తామంటే పెట్టుబడి ఎవరు పెడతారో మరి.

మలయాళీలు మనకన్నా నయం. ఇంటిపనికి వెళ్ళిన ఆడమనిషి మీద 2011లోనే 'గద్దామా' తీశారు. బెన్యామిన్ 2008లో రాసిన 'ఆడుజీవితం' నవలను బ్లెస్సీ 2024లో తెర మీదికి తెచ్చారు. తెలుగులోనూ విడుదలైంది. నజీబ్ అనే కేరళ ముస్లిం సౌదీ ఎడారిలో మేకల మధ్య బానిసగా పడతాడు. వాడి నోట అల్లా పేరే, యజమాని నోటా అల్లా పేరే. ఆ ఉమ్మడి పేరు నజీబ్‌కి ఒక గ్లాసు నీళ్ళు కూడా ఎక్కువ సంపాదించిపెట్టలేదు. ముస్లింలంతా ఒకటే, అరబ్బు షేకు ఇక్కడి సాయిబుకి మేనమామ అన్నట్టు మాట్లాడేవాళ్ళు చూడవలసిన సినిమా ఇది. మాకు నచ్చనిదీ ఉంది. ఎడారి, ఎండ, చిక్కిపోయిన హీరో ఒళ్ళు తెరనంతా ఆక్రమించి, ఆ ఒంటిని అమ్మిన ఏజెంటునీ వీసా బేరాన్నీ మూలకి నెట్టాయి. కథలో అన్నిటికన్నా భయంకరమైన చోటు ఎడారి కాదు. పారిపోయి పట్టుబడిన నజీబ్‌ని ఆ అరబ్బు చూసి, వీడు నా వీసా మీద లేడు, ఉంటే ఈడ్చుకుపోయేవాణ్ణి అనే చోటు. అంటే దొంగతనంగా ఎత్తుకుపోయాడు కాబట్టి బతికాడు. కాగితాలు సరిగ్గా ఉంటే మళ్ళీ మేకల దగ్గరికే. సినిమా చూసి బయటికొచ్చినవాళ్ళు ఆ షేకుని తిట్టుకున్నారు. ఆ కాగితాల్ని తిట్టినవాళ్ళు మాకు తగల్లేదు.

ఆ కాగితాల పేరు కఫాలా. తెలుగు పత్రికలు కఫీల్ అంటే యజమాని అని రాసి ఊరుకుంటాయి. ఉర్దూ ఇంట పుట్టినవాళ్ళకి ఆ మాట వేరేలా వినపడుతుంది. దిక్కులేని బిడ్డను సాకడాన్ని మేం యతీమ్ కీ కఫాలత్ అంటాం. కఫీల్ అంటే పూచీ పడ్డవాడు. ఆ మాట గల్ఫ్ చట్టంలోకి ఎక్కేసరికి పూచీ పోయి పెత్తనం మిగిలింది. ఇంకో మాట చూడండి. 1986 నుంచి సౌదీ రాజు బిరుదు ఖాదిమ్, అంటే రెండు పవిత్ర మసీదుల సేవకుడు. రాజోలు నుంచి ఇరవై నంబరు వీసా మీద కువైట్ వెళ్ళిన ఆడమనిషిని అక్కడ పిలిచేది ఖద్దామా. రెండూ ఖిద్మత్ అన్న ఒక్క వేరులోంచి వచ్చినవే. 2015లో కువైట్ ఇంటిపనివాళ్ళకి ప్రత్యేక చట్టం చేసింది. పనిగంటలకి హద్దు, వారానికో సెలవు రాసుకుంది. నాలుగు గోడల మధ్య ఆ గంటలు ఎవరు లెక్కపెడతారన్నది చట్టంలో ఇమిడే విషయం కాదు.

మా సాహిత్యం మీదా మాకో ఫిర్యాదుంది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్జలా' వచ్చాక, సొంత ఊళ్ళో పరాయివాళ్ళను చేసిన తీరుని ముస్లిం కవులు ధైర్యంగా నిలదీశారు. అరబ్బు ఇంట మా ఆడవాళ్ళకి జరిగింది రాయాల్సి వచ్చేసరికి ఆ కలాలకి అంత వేగం లేదు. అది ప్రవక్త పుట్టిన నేల, దాన్నెలా అంటామన్న బెరుకు ఒకటి. మన కష్టం చెప్పుకుంటే సంఘ్ పరివార్ దాన్ని ఎత్తుకుపోయి మన మీదే వాడుతుందన్న భయం ఇంకొకటి. రెండోది ఉత్తి భయం కాదని మాకూ తెలుసు. అయినా అలా దాచిపెట్టినదాని బరువు మోస్తున్నది ఆడవాళ్ళే.

2022 మేలో టీవీ చర్చలో ప్రవక్త మీద నూపుర్ శర్మ అన్న మాటలకి ఇక్కడి ముస్లింలు రోజుల తరబడి మొత్తుకున్నారు. జూన్ 5న ఖతర్, కువైట్ మన రాయబారుల్ని పిలిపించాయి. అదే రోజు బీజేపీ ఆమెను సస్పెండ్ చేసింది. చూశారా, వీళ్ళ అసలు ప్రభుత్వం అక్కడుంది అన్నారు మమ్మల్ని. ఆ మాట మాకు గుచ్చుకుంది. ఈ దేశ పౌరులుగా మేం అడిగినప్పుడు చెవిన పడనిది, దోహా నుంచి కబురొస్తే పడడం మాకు గెలుపెలా అవుతుంది?

దాని తర్వాత జరిగింది మాత్రం ఇక్కడ ఎక్కువమంది పట్టించుకోలేదు. కువైట్‌లోని ఫహాహీల్‌లో, శుక్రవారం నమాజు అయ్యాక, అవే మాటలకి నిరసనగా వలస కూలీలు కొందరు గుమిగూడారు. రాయబారిని పిలిపించిన కువైటే వాళ్ళని పట్టుకుని దేశం నుంచి పంపేస్తామని, మళ్ళీ రానివ్వమని ప్రకటించింది. పరదేశీలకి ఊరేగింపు హక్కు లేదట. అరబ్బు నోట భారతీయుడు 'హిందీ'. మొహమ్మదయినా మోహనయినా హిందీయే. ప్రవక్త కోసం గొంతెత్తినా వాడు హిందీ కూలీయే.

అక్కణ్ణుంచి పంపించేసినవాడు దిగేది ఇక్కడే. ఏజెంటు బాకీ అతనికన్నా ముందే గుమ్మంలో కూర్చుని ఉంటుంది. వీధిలో అతన్ని పిలిచే పేరు కువైట్ సాయిబు.