టీ, కాఫీ, పాలు, మీగడ, వెన్న

కళ్లాపి చల్లిన వాకిట్లో ముగ్గు వెయ్యడానికి ఒక అదను ఉంటుంది. నీళ్లు ఇంకా నిలిచి ఉండగా వేస్తే పిండి కరిగి గీత చెదిరిపోతుంది. నేల పూర్తిగా ఆరాక వేస్తే గాలికి లేచిపోతుంది. ఆ మధ్య క్షణం ఎప్పుడొస్తుందో వేసేవాళ్ల చేతికి తెలుసు. ఎలా తెలుసని అడిగితే మాత్రం చెప్పడం కష్టం.

నీటిరంగుల చిత్రకారులదీ ఇదే విద్య. చెప్పడం కష్టమైన ఆ సంగతిని వంటింటి మాటల్లో పెట్టి ప్రపంచానికి అందించిన మనిషి మెల్‌బోర్న్‌లో ఉండే జోసెఫ్ జ్బుక్విచ్.

ఆయన 1952లో జాగ్రెబ్‌లో పుట్టారు. అప్పటికి అది యుగోస్లావియా, ఇప్పుడు క్రొయేషియా రాజధాని. 1970లో ఆస్ట్రేలియాకు వలస వెళ్లారు. అక్కడ చదివింది ఇండస్ట్రియల్ డిజైన్. వస్తువు ఆకారాన్ని, కొలతను, నీడను తూచి చూడటం నేర్పే చదువది. తర్వాత చిత్రకళే ఆయన జీవితమైంది. మెల్‌బోర్న్ వీధులు, రేవుల్లో పడవలు, పల్లెల్లో పాత కొట్టాలు, గుర్రప్పందేలు, వెనిస్ కాలువలు ఆయన కుంచెకు ఇష్టమైనవి. వీటన్నిటిలో ఆయన్ను గొప్పవాడిగా నిలబెట్టేవి వాన కురిసి వెలిసిన వీధులే. 2002లో వచ్చిన ‘మాస్టరింగ్ అట్మాస్ఫియర్ అండ్ మూడ్ ఇన్ వాటర్‌కలర్’ పుస్తకంలో ఆయన తన పద్ధతిని విప్పి చెప్పారు. దానికి పెట్టిన పేరు నీటిరంగుల గడియారం.

ఆ గడియారానికి రెండు ముఖాలు. ఒకటి కాగితానిది. కాగితం నాలుగు స్థితుల్లో ఉంటుంది: పొడి, చెమ్మ, తడి, నీళ్లు నిలిచిన స్థితి. రెండోది రంగుది. అందులో ఐదు మెట్లున్నాయి: టీ, కాఫీ, పాలు, మీగడ, వెన్న. ఇక్కడ టీ అంటే మనం తాగే చిక్కటి పాల టీ కాదు, పాలు కలపని పలచటి టీ. రంగులు కలుపుకునే పాలెట్‌ను కొంచెం వంచితే టీ వెంటనే జారిపోతుంది. కాఫీ కాస్త వెనక్కి తగ్గుతుంది. పాలు జారుతూ వెనక పల్చటి పొర వదులుతాయి. మీగడ బద్ధకంగా కదులుతుంది. వెన్న అసలు కదలదు. అది ట్యూబులోంచి వచ్చిన రంగే, నీళ్లు దాదాపు తగలవు.

కుంచె కాగితాన్ని తాకే ముందు చిత్రకారుడు రెండు ముఖాలూ చూసుకోవాలి. నీళ్లు నిలిచిన కాగితం మీద పాలు పెడితే పొగలా విచ్చుకుని ఎటో వెళ్లిపోతాయి. తడి మీద మీగడ పెడితే మంచులో చెట్టు కనిపించినట్టు అంచులు మెత్తబడి, ఆకారం మాత్రం నిలుస్తుంది. పొడి కాగితం మీద వెన్నను పక్కవాటుగా లాగితే గరుకు కాగితం గుట్టల మీదే రంగు అంటుకుని, గుంటలు తెల్లగా మిగులుతాయి. ఎండలో నీటి మెరుపు కావాలంటే అలాగే వస్తుంది. చాలామంది దెబ్బతినే చోటు మరొకటి ఉంది. సగం ఆరిన రంగులోకి అంతకంటే పలచటి రంగు దించితే, కొత్త నీళ్లు పాత రంగును నెట్టుకుంటూ పోయి చుట్టూ గజిబిజి అంచు కట్టేస్తాయి. చిత్రకారులు దాన్ని కాలీఫ్లవర్ అంటారు. అందుకే ఆరుతున్న రంగు మీద పెట్టేది ఎప్పుడూ దానికంటే చిక్కగా ఉండాలి.

కాగితం ఏ స్థితిలో ఉందో కనిపెట్టడానికి పరికరాలేమీ లేవు. బోర్డును వెలుతురుకు వాలుగా పెట్టి చూడాలి. అద్దంలా మెరిస్తే నీళ్లున్నాయి. మెరుపు మందగిస్తే తడి. మెరుపు పోయినా చేతి వెనక భాగానికి చల్లగా తగిలితే చెమ్మ. ఆ చల్లదనమూ పోతేనే పొడి.

ఈ మాటల వెనక గట్టి శాస్త్రమే ఉంది. బల్ల మీద ఒలికిన కాఫీ చుక్క ఆరాక అంచు నల్లగా, మధ్యలో పలచగా ఎందుకు మిగులుతుందో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో ‘నేచర్’ పత్రికలో వివరించారు. చుక్క అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు రేణువులను మోసుకుంటూ అంచుకు ప్రవహిస్తుంది. నీటిరంగు మరకకు ముదురు అంచు వచ్చేదీ ఇందుకే. రంగంటే ప్రధానంగా పొడి చేసిన వర్ణద్రవ్యం, దాన్ని పట్టి ఉంచే తుమ్మ జాతి చెట్ల బంక. మిగతా పనంతా నీరే చేస్తుంది, ఆ తర్వాత తాను వెళ్లిపోతుంది.

జ్బుక్విచ్ తరహా వాన వీధి ఒకటి కాగితం మీద ఎలా పుడుతుందో దగ్గర్నుంచి చూద్దాం. పెన్సిల్ గీతలు నాలుగైదు చాలు. బోర్డు కొంచెం వాలుగా ఉంటుంది. పెద్ద కుంచెతో టీ పలచదనంలో ఆకాశం మొదలవుతుంది. రంగు కింది అంచున నీటిబొట్టు వరసగా నిలుస్తుంది. కుంచె ఆ బొట్టును ఆపకుండా కిందికి దించుతూ, భవనాల మీదుగా రోడ్డు చివరి దాకా తీసుకొస్తుంది. దారిలో వదిలేసినవి రెండు మూడే: ట్రాము హెడ్‌లైటు, గొడుగు మీద మెరుపు, తడి రోడ్డు మీద ఆకాశపు చీలిక. ఇవి తెల్ల కాగితమే. సంప్రదాయ నీటిరంగుల్లో తెలుపు పూయరు, మిగుల్చుకుంటారు.

మెరుపు ఇంకా ఉండగానే కాఫీ చిక్కదనంతో దూరపు భవనాలు పడతాయి. వాటి మొదళ్లు మంచులో కలిసిపోతాయి. అప్పుడు ఆగాలి. ఈ ఆగడమే కొత్తవాళ్లకు చేతకాని పని. ఆరాక ట్రాము, దాని కింద నీడ, పక్కనే రోడ్డు దాటుతున్న ఇద్దరు మనుషులు, వాళ్ల ప్రతిబింబాలు అన్నీ విడివిడిగా కాదు, ఒకదాన్నొకటి అంటుకున్న ఒకే ముదురు ఆకారంగా దిగుతాయి. మనిషంటే తలకొక చుక్క, ఒంటికి ఒక కుంచె విసురు. పాదాలు గీయరు, తడి రోడ్డే వాటిని మింగేస్తుంది. చివర్లో ఒక కరెంటు తీగ, వెన్నలాంటి ఎరుపుతో ట్రాము వెనక దీపం.

ఇన్ని బూడిద రంగుల్లో ఇంత వెలుతురు ఎలా వస్తుందన్నది ఆయన చిత్రాలు చూసిన వాళ్లకు కలిగే మొదటి ప్రశ్న. జవాబు వేడి, చల్లదనాల తేడాలో ఉంది. పసుపు వైపు మొగ్గిన బూడిద పక్కన నీలం వైపు మొగ్గినది నిలిస్తే రెండూ పలుకుతాయి. అమెరికా రంగుల కంపెనీ డేనియల్ స్మిత్ వార్మ్, కూల్, న్యూట్రల్ అనే మూడు గ్రే రంగులను ఆయన పేరు మీదే అమ్ముతోంది.

నీటిరంగులకు మెల్‌బోర్న్‌తో పాత చుట్టరికమే ఉంది. మధ్య ఆస్ట్రేలియా ఎడారికి చెందిన ఆదివాసి ఆల్బర్ట్ నమచిరా 1936లో రెక్స్ బాటర్బీ అనే చిత్రకారుడికి ఒంటెలు తోలుతూ ఈ విద్య నేర్చుకున్నారు. 1938లో మెల్‌బోర్న్‌లో జరిగిన ఆయన తొలి ప్రదర్శనలో చిత్రాలన్నీ అమ్ముడుపోయాయి. నమచిరా ఎడారిలో ఎర్రటి కొండలు, ఎండిన గాలి. జ్బుక్విచ్ వీధుల్లో వాన, ట్రాము పట్టాలు. రెండింటికీ సామగ్రి ఒకటే: కాగితం, బంక, నీరు.

ఇప్పుడు ఏ దేశంలో చూసినా ఔత్సాహికులు బూడిద రంగు వీధి, ఎదురుగా వచ్చే వాహనం, గొడుగు పట్టుకున్న మనిషిని వేస్తున్నారు. తమ ఊరి వెలుతురు అలా ఉండకపోయినా వేస్తున్నారు. ఇది గురువుకు మేలు చేసే అనుకరణ కాదు. ఆయన దగ్గర తీసుకోవలసింది ట్రామును కాదు, గడియారాన్ని. అది ఎక్కడైనా పనిచేస్తుంది, ముల్లు మాత్రం వేరే వేగంతో తిరుగుతుంది. మే నెల హైదరాబాద్‌లో తడి కాగితం చూస్తుండగానే చెమ్మకు, చెమ్మ నుంచి పొడికి మారిపోతుంది. శ్రావణంలో కోనసీమలో ఎంతసేపు చూసినా ఆరదు. మన వేపచెట్టు నీడకూ గోదావరి మీది పొద్దుటి మంచుకూ సరిపోయే లెక్క మన గాలిలోనే కట్టుకోవాలి.

ఆసక్తి ఉంటే ఈ వానాకాలంలో ఒక పని చెయ్యండి. 300 జీఎస్ఎం నీటిరంగుల కాగితం ఒకటి, ఏదైనా ముదురు రంగు ట్యూబు ఒకటి కొనండి. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఒకదాన్ని పొడిగా ఉంచి, మిగతా మూడింటినీ చెమ్మగా, తడిగా, నీళ్లు నిలిచేలా తయారు చెయ్యండి. ఒక్కోదాని మీద ఐదు చిక్కదనాలూ పెట్టి పక్కన పేర్లు రాసుకోండి. బొమ్మ వెయ్యొద్దు. ఆ ఇరవై మరకలు ఆరేదాకా కూర్చుని చూడండి.