శివారు దాకా: కృష్ణా కాలువ, ఫైబర్ తీగ

సీతానగరం దగ్గర బయల్దేరి, దుగ్గిరాల లాకుల వద్ద పాయలుగా చీలే పశ్చిమ డెల్టా కాలువ గురించి తెనాలి, రేపల్లె వాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. అదే నేల మీద కరెంటు స్తంభాలను పట్టుకుని పోతున్న ఫైబర్ తీగను మాత్రం మనం ఇంకా అంత శ్రద్ధగా చూడలేదు. చూస్తే ఈ రెండింటి మధ్య చుట్టరికం చాలానే కనిపిస్తుంది.

విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాటన్ తరం ఇంజనీర్లు కాలువను సాగుకే కాదు, పడవలకూ పనికొచ్చేలా తవ్వించారు. కొమ్మమూరు కాలువలో బయల్దేరిన పడవ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో పడి మద్రాసు దాకా పోయేది. ఒక్క తవ్వకంతో రెండు పనులు. ఏపీ ఫైబర్‌నెట్ ఆలోచన కూడా అలాంటిదే. రోడ్లు తవ్వుకుంటూ కూర్చోకుండా, ఉన్న కరెంటు స్తంభాల మీదే 20 వేల కిలోమీటర్లకు పైగా తీగ లాగారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇస్తామన్నారు. ఆ ధర వెనక ఈ పొదుపు ఉంది. రెండు చోట్లా అది మంచి బుద్ధే.

కాలువలో పైవాడు తూము ఎక్కువ ఎత్తితే శివారు చేలు ఎండుతాయి. నిజాంపట్నం వైపు రైతులకు ఈ బాధ తరతరాలుగా తెలుసు. ఫైబర్‌లో మాత్రం పొరుగింటివాడు నా వెలుగును తాగేయలేడు. ఒక పోగును ఇళ్లకు పంచే స్ప్లిట్టర్ దగ్గర వెలుగు సమానంగా చీలుతుంది: రెండుగా చీలితే సగం, 32గా చీలితే ముప్పై రెండో వంతు. అయితే ఆ 32 ఇళ్లూ పంచుకునేది సెకనుకు 2.5 గిగాబిట్ల ఒకే ధారను. రాత్రి అందరూ ఒక్కసారే సినిమా పెడితే, ఒక్కో ఇంటి వాటా సన్నబడుతుంది. అందరూ పడుకున్నాక మళ్లీ నిండుగా వస్తుంది. ఎండిన చేనుకు ఆ అదృష్టం లేదు.

గాలివాన ముందు మాత్రం కాలువదే పైచేయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతటి గాలివానకు కాలువ గట్టు తెగినా ఇసుక బస్తాలతో ఊరివాళ్లే పూడ్చుకోగలరు. స్తంభం ఒరిగితే కరెంటూ పోతుంది, నెట్టూ పోతుంది. వాన వెలిసాక కేబుల్ కుర్రాడు బురదలో స్టూలు వేసుకుని, తెగిన తీగ తొడుగు ఒలిచి, వెంట్రుకంత గాజు పోగును తుడిచి, స్ప్లైసింగ్ మిషన్‌లో పెట్టి అతికిస్తాడు. నీలం, నారింజ, ఆకుపచ్చ, రంగుకు రంగు కలవాలి. చెమ్మ తగిలితే అతుకు నిలవదు. మీటరులో వెలుగు మైనస్ 28 డీబీఎం దాకా పడిపోతే ఇంట్లో మోడెం మీద ఎర్రలైటు ఆరనే ఆరదు. తుపాను లేని రోజుల్లోనూ నిలువెత్తు గడ్డిలోడు ట్రాక్టరు ఒక్కటి సందులోకి వస్తే చాలు, నాలుగిళ్ల తీగలు తెగుతాయి.

తీగను భూమిలో వేస్తే సరిపోదా? డెల్టాలో అదీ తేలిక కాదు. నల్లరేగడి వేసవిలో బీటలు తీస్తుంది, వానాకాలంలో ఉబ్బుతుంది. మూడడుగులు తవ్వితే నీళ్లు. కాలువ దాటాలంటే ఇరిగేషన్ వాళ్లను, రేపల్లె రైలు కట్ట దాటాలంటే రైల్వేను అడగాలి. పైగా 2022 ఏప్రిల్ నుంచి తెనాలి గుంటూరు జిల్లాలో ఉంటే, రేపల్లె బాపట్ల జిల్లాలో ఉంది; అంటే రెండు జిల్లాల ఆఫీసుల చుట్టూ తిరగాలి. పక్కనే కొత్తగా కడుతున్న అమరావతికి రోడ్డుతో పాటే కేబుల్ డక్టులు వేసుకునే వీలుంది. ఇళ్లు కట్టేసుకున్న పాత పట్టణాలకు ఆ వీలు రోడ్డు మళ్లీ వేసేటప్పుడే దొరుకుతుంది.

నాకు అసలు తేడా కనిపించేది వేరే చోట. కాలువ చివర పంట బోదె రైతుదే. పూడిక తీసేదీ, గుర్రపుడెక్క లాగేదీ అతనే. 1997 చట్టం అతనికి ఎన్నికైన నీటి సంఘాన్ని కూడా ఇచ్చింది. తీగ చివర మాత్రం కేబుల్ ఆపరేటర్ ఒంటరి. పైతీగ సర్కారుది, స్తంభం కరెంటు శాఖది, తిట్లు మాత్రం అతనివి. స్టాక్‌హోమ్ నగరం 1994లో స్టొకాబ్ అనే సొంత సంస్థ పెట్టి, తీగను తానే వేసి, అడిగిన కంపెనీలన్నిటికీ అద్దెకిచ్చింది. కాలువ సర్కారుది, పంట రైతుది అన్న మన పాత పద్ధతికి అది ఎంతో దగ్గర.

అందుకే తెనాలి, రేపల్లె మునిసిపాలిటీలకు నా విన్నపం ఇది. ఈసారి సైడు కాలువో సిమెంటు రోడ్డో వేసేటప్పుడు దాని అంచున రెండు ఖాళీ పైపులు పూడ్చండి. అవి మునిసిపాలిటీ ఆస్తిగానే ఉంచి, ఏ కంపెనీకైనా, ఏ ఆపరేటర్‌కైనా ఒకే అద్దెకు ఇవ్వండి. తుపాను మరమ్మతుల లెక్కలో కరెంటు స్తంభంతో పాటు దాని మీది తీగనూ రాయండి.