యుద్ధకథలలో కల్పితపాత్ర

ఒక మహాయుద్ధమును గూర్చి చరిత్రకారుడు వ్రాసిన పుటలను జదివినవారికి సేనానుల పేర్లు తెలియును. సేనల సంఖ్య తెలియును. ఏ దిబ్బ యెప్పు డెవరి వశమయ్యెనో తెలియును. ఆ దిబ్బపై బడిపోయినవా డెవడో, వాని యింట నా రాత్రి దీపము పెట్టినవా రెవరో మాత్రము తెలియదు. ప్రసిద్ధమైన యుద్ధమును దీసికొని, అందు లోకమున నెన్నడును బుట్టని యొక మనుష్యుని నిలిపి, వాని కన్నులతో మనకు జూపునట్టి నవలలు ఈ కొఱతను దీర్పగలవు. కాని యన్నియు దీర్చుచున్నవా? కల్పితపాత్రకు సత్యమైన చరిత్రలో నేమి పని? ఇది విచారింపదగిన ప్రశ్న.

పలువురు రచయితలు త్రొక్కు సులభమార్గ మొకటి కలదు. సేనాపతికి దోపని యుపాయము వారి కల్పితనాయకునికే తోచును. రాజు ప్రాణమును వాడే కాపాడును. శత్రువుల ధ్వజమును వాడే కూల్చును. తుదకు రాజపుత్రిక వానినే వరించును. అచట యుద్ధము యుద్ధము కాదు, పెండ్లిపందిరికి గట్టిన తోరణము. వేలకొలది జనుల మరణము ఒకని కీర్తికి మెట్టగుచున్నది. మన బాలురు చేతబట్టిన పుస్తకమును దింపక చదువునవి యిట్టివే. కావున నిది కేవలము సాహిత్యదోషమని యూరకుండరాదు; సంసారమున బిడ్డల మనస్సుల కంటు దోషము.

ఇందుకు విరుద్ధమైన మార్గమును జూపినవారిలో ఫ్రెంచి రచయితయగు స్టెండాల్ ముఖ్యుడు. ఆయన నెపోలియను సేనతో 1812లో రష్యాకు బోయి, యుద్ధమును గన్నులార జూచినవాడు. 1839లో వెలువడిన ఆయన నవలలో ఫాబ్రిజియో యను యువకుడు వీరుడు కావలెనను కోరికతో 1815 జూను 18వ తేదిని వాటర్లూ రణరంగమున జొచ్చును. అచట వానికి గనబడినవి పొగ, బురద, పరుగులు, గాయపడిన గుఱ్ఱములు. తాను దైవముగా నెంచిన చక్రవర్తి తన యెదుటనుండియే పోయినను గుర్తింపలేకపోవును. అంతయు ముగిసినపిమ్మట, తాను జూచినది నిజముగా యుద్ధమేనా యని వానికే సందేహము! చరిత్రకారుడు పటముపై గీయు గీతలలో ఒక్కటియు రణరంగమున నిలుచున్నవానికి గనబడదను సత్యమును ఈ యమాయకుని మూలమున మనము గ్రహించుచున్నాము.

ఈ మార్గమునే టాల్‌స్టాయి రాజమార్గ మొనర్చెను. ఆయన యౌవనమున సెవాస్టపోల్ ముట్టడిలో సైనికుడై యుండెను. ‘యుద్ధము, శాంతి’ వ్రాయుచు 1867లో బొరొడినో క్షేత్రమును స్వయముగా దర్శించెను. 1812లో నచట నొక్క దినమున నుభయపక్షముల గలిపి సుమారు 70,000 మంది హతులో క్షతగాత్రులో అయిరి. అంత పెద్ద సంఖ్యకు మన మనస్సు చలింపదు. కాని తెల్లటోపీ పెట్టుకొని వేడుక చూడవచ్చిన పియేర్ అను కల్పితవ్యక్తిని ఫిరంగులకడ సిపాయిలు మొదట విసుగుకొని, పిదప తమవానిగా జేర్చుకొందురు. కొంతసేపటికి ఆ నవ్విన మొగములు శవములై పడియుండును. అప్పుడు మనకు సంఖ్యయొక్క యర్థము తెలియును. ఆండ్రీ రాజకుమారుని దళము ఒక్క తుపాకియైన బేల్చక, ఊరక నిలిచియే మనుష్యులను గోలుపోవును. వీరత్వమునకు దావే లేని మరణమది.

ఆంగ్లేయుడగు థాకరే ఇంకొక యడుగు వేసెను. 1848లో ముగిసిన ఆయన ‘వానిటీ ఫెయిర్’లో వాటర్లూ యుద్ధమును దాదాపు చూపనే చూపడు, బ్రస్సెల్సు నగరమున దూరపు ఫిరంగిమ్రోతను వినుచున్న స్త్రీలకడనే కథను నిలుపును. అమీలియా భర్తకై ప్రార్థించుచుండగా, ఆ భర్త రణభూమిలో నిర్జీవుడై పడియుండును. యుద్ధము ఇంటిగడపలోపల గూడ జరుగునని ఆ యధ్యాయము చెప్పుచున్నది.

వీరి నవలలనుండి యొక నియమమును దీయవచ్చును. కల్పితపాత్ర యుద్ధమును గెలుచుటకు గాదు, యుద్ధముయొక్క వెలను మోయుటకు రావలెను. ఆ వెలను మోసినవారి పేర్లు చరిత్రలో లేవు గనుకనే కల్పనకు హక్కు కలిగినది. పేరున్నవారి విషయమున ఆ హక్కు కుంచించుకొనిపోవును. టాల్‌స్టాయి యంతటివాడును తన సిద్ధాంతము నెగ్గుటకై నెపోలియనును వట్టి డాంబికునిగను, కుటుజోవును సర్వమెఱిగిన వృద్ధునిగను దీర్చుటలో ఈ హద్దు మీఱెననియే నా యభిప్రాయము. ఆయన పియేరును నమ్మినట్లు ఆయన నెపోలియనును నమ్మజాలము.

ఈ నియమము మన బొబ్బిలికథకును వర్తించును. 1757 జనవరి 24వ తేదిని బుస్సీ సేనయు, విజయరామరాజు సేనయు ఆ కోటను ముట్టడించెను. కోట నిలువదని తెలిసినపుడు లోపలి వీరులు తమ స్త్రీలను, బిడ్డలను దామే సంహరించి, పిదప బోరాడి మడిసిరి. మన గాథలు ఆ పౌరుషమును వేయినోళ్ల గొనియాడినవి. కాని ఆ స్త్రీలను ముందుగా నెవరైన నడిగిరా? బిడ్డ నొడిలో బెట్టుకొన్న తల్లి ఆ క్షణమున నేమి తలచెను? చరిత్ర చెప్పదు, చెప్పజాలదు. ఓర్మ్ అను ఆంగ్లచరిత్రకారుడు మాత్రము, రంగారావు కుమారుని బ్రాణముతో దక్కించి వెలుపలికి దెచ్చిన యొక వృద్ధుని బేర్కొనెను. మరణమే మర్యాదయని యెల్లరు నమ్మినచోట, ఒక పసివాడు బ్రతుకవలెనని తలచినవా డొక్కడైన నుండెనుగదా!

బొబ్బిలిని గూర్చి నవల వ్రాయబూనువారికి ఆ వృద్ధుడును, ఆ తల్లియు నిజమైన కథానాయకులు. ఐతే ఆమె నోట నేటి సభలలోని యుపన్యాసమును బెట్టరాదు. ఆమె తన కాలపు మనిషిగనే యుండి, తన కాలపు మాటలతోనే భయపడవలెను, ఒప్పుకొనవలెను, లేదా కాదనవలెను. అట్టి నవలను జదివిన గృహిణి వీరులను దక్కువగా జూడదు. కాని వీరగాథ వినునపుడెల్ల, పాటలో పేరు లేనివారిని గూర్చి యొక ప్రశ్న వేయును. ఆ ప్రశ్నను బుట్టింపగలిగిననాడు కల్పన చరిత్రకు ద్రోహము చేసినది కాదు, ఋణము దీర్చినది.