దేన్ని నవ్వకుండా వదిలేయాలి?

హాస్య నాటికలు రాసే కుర్రాళ్లు నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటారు: "మతం జోలికి వెళ్లొచ్చా మాస్టారూ?" వెళ్లొచ్చు. కాకపోతే రాయడానికి కూర్చునేముందే, ఈ కథలో దేన్ని చూసి నవ్వకూడదో తేల్చుకోవాలి. నాకు ఈ పాఠం నేర్పింది ఓ ఇటాలియన్ సినిమా. కేథలిక్ మతాన్ని అవమానించిందని కోర్టుకెక్కిన సినిమా అది.

పియెర్ పావొలో పసోలినీ 1963లో తీసిన 'లా రికొత్తా' ముప్పావు గంట కూడా ఉండదు. రోమ్ శివార్లలో క్రీస్తు సిలువ పాటుల మీద సినిమా షూటింగ్ జరుగుతుంటుంది. అందులో దర్శకుడి పాత్ర ఆర్సన్ వెల్స్‌ది. క్రీస్తు పక్కన సిలువ వేయబడిన మంచి దొంగ వేషం స్ట్రాచ్చి అనే జూనియర్ ఆర్టిస్టుది. యూనిట్ పెట్టిన భోజనాన్ని అతను పెళ్లాం పిల్లలకు ఇచ్చేస్తాడు. ఆడవేషం కట్టి మరో పొట్లం సంపాదిస్తే, హీరోయిన్ గారి కుక్క దాన్ని కాస్తా తినేస్తుంది. ఆ కుక్కనే అమ్మేసి, వచ్చిన డబ్బుతో రికొత్తా చీజ్ కొనుక్కుని గుహలో కూర్చుని గబగబా మింగుతాడు. యూనిట్ వాళ్లు అది చూసి, వేడుకగా చుట్టూ చేరి, కడరాత్రి భోజనం సీను కోసం సర్దిన తిండి కూడా తెచ్చి తినిపిస్తారు. ఆ తర్వాత సిలువ మీదికి ఎక్కిస్తారు. డైలాగు చెప్పాల్సిన వేళకు స్ట్రాచ్చి పలకడు. తిన్నది అరక్క సిలువ మీదే ప్రాణం పోయి ఉంటుంది.

స్ట్రాచ్చి పరుగులన్నీ పాత మూకీ కామెడీల వేగంతో సాగుతాయి. మధ్యలో, క్రీస్తు దేహాన్ని సిలువ మీంచి దించే ఘట్టాన్ని పోంతోర్మో, రొస్సో ఫియొరెంతీనోల చిత్రాలను అనుసరించి రంగుల్లో తీస్తుంటే, నటులు నవ్వు ఆపుకోలేకపోతారు. ఒకచోట భక్తి సంగీతానికి బదులు ట్విస్ట్ డాన్సు రికార్డు మోగుతుంది. రోమ్ కోర్టుకు ఆ నవ్వూ ఆ రికార్డూ బాగా వినిపించాయి. అప్పట్లో కేథలిక్ మతం ఇటలీ రాజ్యమతం. ఆ మతాన్ని కించపరిచాడని పసోలినీకి నాలుగు నెలల జైలుశిక్ష పడింది. మరుసటి ఏడాది అప్పీలులో కొట్టేశారు.

నేను ఆ సినిమా చూసినప్పుడు ఒక సంగతి గమనించాను. అందులో దర్శకుడి మీద, హీరోయిన్ మీద, షూటింగ్ దగ్గరికి వచ్చిన విలేఖరి మీద నవ్వొస్తుంది. స్ట్రాచ్చి ఆకలి మీద మాత్రం పసోలినీ ఒక్క జోకు వేయలేదు. భక్తి సినిమా తీస్తున్నవాళ్లెవరికీ తమ మధ్య నిజంగా సిలువ మోస్తున్నదెవరో తెలియదు. పరదైసు వాగ్దానం పొందిన దొంగ వేషంలో ఉన్న పేదవాడు వాళ్ల కళ్లముందే పోయాడు. 1964లో అదే పసోలినీ మత్తయి సువార్తను సినిమాగా తీసి, పోప్ 23వ జాన్ స్మృతికి అంకితమిచ్చాడు. 1995లో వాటికన్ ప్రకటించిన 45 గొప్ప చిత్రాల జాబితాలో అది ఉంది. ఏడాదిలో ఆయనకు కొత్తగా భక్తి పుట్టుకురాలేదు. అది 'లా రికొత్తా'లోనే ఉంది.

నేను గుంటూరు జిల్లాలో ఒక కేథలిక్ ఊళ్లో పెరిగాను. ఫాదర్ గారి ప్రసంగం ఎంత సాగుతుందో, ఉపదేశి గారి పాట ఏ శ్రుతిలో మొదలై ఎక్కడ తేలుతుందో మా వాళ్లు అనుకరించి చూపిస్తే పొట్ట చెక్కలయ్యేది. పూజలో గంట మోగి, ఫాదర్ గారు అప్పాన్ని పైకెత్తేసరికి ఆ అనుకరించే మనుషులే తల వంచేవారు. ఏది ఎంత బరువైనదో లోపలివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

బయటి నుంచి రాసేవాళ్లు తడబడేది ఇక్కడే. కేరళ క్రైస్తవ పల్లె నేపథ్యంలో వచ్చిన మలయాళ కామెడీ 'మేరిక్కుండొరు కుంజాడు' 2010లో హాయిగా ఆడింది. అదే కథను ప్రియదర్శన్ 2012లో హిందీలో 'కమాల్ ధమాల్ మాలామాల్'గా తీస్తే ముంబైలో కేథలిక్ సంఘాలు నిరసనకు దిగాయి. కథ సరిహద్దు దాటుతుంది గానీ, ఆ ఊరివాళ్లకు పుట్టుకతో వచ్చిన ఆ తూకం దానితోపాటు రాదు.

బ్రిటిష్ హాస్య బృందం మాంటీ పైథాన్ 1979లో తీసిన 'లైఫ్ ఆఫ్ బ్రయన్' మీద న్యూయార్క్‌లో నిరసనలు జరిగాయి, ఐర్లండ్ 1987 దాకా నిషేధించింది. ఆ సినిమాలో కొండమీది ప్రసంగం ఎలా తీశారో చూడండి. ఏసు గంభీరంగా బోధిస్తుంటాడు. ఆయన మీద వెక్కిరింత లేదు. కెమెరా వెనక్కి వెనక్కి వచ్చి, మాటలు సరిగా వినబడని చివరి వరస దగ్గర ఆగుతుంది. అక్కడ ఒకడు ఒక మాటకు ఇంకో మాట విని అర్థం చెబుతుంటాడు, మరొకడు ముక్కు పొడుగు గురించి తగవు పెట్టుకుంటాడు. నవ్వంతా మనలాంటి శ్రోతల మీదే. సిలువల మీద వేలాడుతూ పాట పాడే ముగింపు సంగతి వేరు. అది చూసి నొచ్చుకున్న విశ్వాసిని నేను తప్పుపట్టను. సిలువను చూస్తూ కన్నీళ్లు పెట్టుకునేవారికి ఆ పాట కష్టంగానే ఉంటుంది.

సినిమా వచ్చిన ఏడాదే బీబీసీ చర్చలో రచయిత మాల్కమ్ మగరిడ్జ్, ఆంగ్లికన్ బిషప్ మెర్విన్ స్టాక్‌వుడ్ ఆ సినిమాను చీల్చి చెండాడారు. ఇద్దరూ ప్రదర్శనకు ఆలస్యంగా వెళ్లి మొదటి పావుగంట చూడనేలేదని తర్వాత తెలిసింది. ఏసు వేరు, కథానాయకుడు బ్రయన్ వేరు అని సినిమా తేటతెల్లం చేసేది ఆ పావుగంటలోనే.

2024 జూన్‌లో పోప్ ఫ్రాన్సిస్ వందమందికి పైగా హాస్యనటులను వాటికన్‌కు పిలిపించుకున్నారు. మనం ప్రేమించేవాళ్లతో పరాచికాలాడినట్టే దేవుడితోనూ ఆడొచ్చని, అయితే విశ్వాసుల మనసు, ముఖ్యంగా పేదల మనసు నొప్పించకుండా ఆడాలని చెప్పారు. పేదల మాట ఎత్తారు చూశారా, అదే నాకు పట్టుకుంది. పేదల చేతిలో మిగిలిన ఒక్క ధైర్యాన్ని లాక్కునే జోకు ఎంత బాగా పేలినా నాకు అక్కర్లేదు.

అందుకే నన్ను అడిగే కుర్రాళ్లకు ఒకటే చెబుతాను. గుడి మీద రాయాలంటే ముందు వెళ్లి పూజ మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూడండి. ప్లకార్డు పట్టుకున్న పెద్దలను కూడా అదే అడుగుతాను. సినిమా మొదటినుంచి చివరిదాకా చూడండి. అప్పుడు ఎంత గట్టిగా తిట్టినా వింటాం. ఆ తిట్టులోంచి నేర్చుకుంటాం కూడా.