పటంలోని చేయి, మనిషి చేయి

1858లో వెలువడిన హెన్రీ గ్రే శరీరనిర్మాణ గ్రంథానికి బొమ్మలు గీసినవాడు హెన్రీ వాన్‌డైక్ కార్టర్. తరువాత బొంబాయి గ్రాంట్ వైద్య కళాశాలలో పాఠాలు చెప్పినవాడు కూడా. ఆ చిత్రాల స్పష్టత మెచ్చుకోదగినది. మా సుబేదారి తరగతి గోడలమీది పటాలూ ఆ కోవలోనివే. నా అభ్యంతరం ఆ స్పష్టతమీదనే.

మణికట్టులో ఎముకలకు, వాటిని కప్పిన గట్టి బంధనానికి నడుమ ఇరుకైన సొరంగమున్నది. అందులో తొమ్మిది స్నాయుబంధనాలతోపాటు మధ్యమ నాడి పోతుంది. చోటు తగ్గి నాడి నలిగితే రాత్రివేళ వ్రేళ్లు తిమ్మిరెక్కుతాయి. ముదిరితే బొటనవ్రేలి మొదటి కండ కరుగుతుంది. ఇదే కార్పల్ టనెల్ వ్యాధి. కొత్తవాడ జంపఖానాల నేతగాండ్రవలె అదేపనిగా చేతిని బిగించి పనిచేసేవారికి ఇది వచ్చే అవకాశ మెక్కువ.

పటంలో ఆ కండకు ప్రధానంగా మధ్యమ నాడే ఆధారం. కాని కొందరిలో చిటికెనవ్రేలి వైపున్న అరత్ని నాడి అరచేతిలో దానితో కలిసి ఆ కండను పోషిస్తుంది. 19వ శతాబ్ది చివర రిష్, కాన్యూ వర్ణించిన కలయిక యిది. అట్టివారిలో మధ్యమ నాడి బాగా నలిగినా బొటనవ్రేలి బలం తగ్గకపోవచ్చు. పటాన్నే నమ్మితే జబ్బు లేదనిపిస్తుంది. మరికొందరిలో కండకు పోయే శాఖ బంధనాన్నే చీల్చుకొని వస్తుంది. శస్త్రచికిత్సలో కోసేది ఆ బంధనాన్నే! 1977లో లాంజ్ ఇట్టి తేడాలను నాలుగు వర్గాలు చేశాడు.

గ్రే గ్రంథపు ఇటీవలి కూర్పులలో వీటి ప్రస్తావన లేకపోలేదు. అయితే విద్యార్థి వాక్యాన్ని మరచి బొమ్మను గుర్తుంచుకొంటాడు, మార్కులూ దానికే. మన పటాలలో రెండవ దారిని చుక్కల గీతతోనైనా చూపవలసింది.