స్యూడోలస్: సేవకుని యుక్తి, సేవకుని ముక్తి

రోమక ప్రహసనములలోని మాయలమారి సేవకుని మన విదూషకునితో పోల్చుట విమర్శకులలో పరిపాటియైనది. 1882లో జర్మను పండితుడు విండిష్ సంస్కృతనాటకముపై గ్రీకు ప్రభావమును ప్రతిపాదించుచు ఇట్టి పాత్రసామ్యములను ఆధారముగా గ్రహించెను. ప్రభావవాదము నటుంచి, ఆ సామ్యమెంతవరకు నిలుచునో పరిశీలించుట మా ఉద్దేశము.

ప్లౌటస్ రచించిన ‘స్యూడోలస్’ క్రీ. పూ. 191లో రోమునగరమున మహామాతృదేవి ఆలయప్రతిష్ఠ సందర్భమున ప్రదర్శితమైనది. కవి తన వార్ధక్యమున ఈ కృతిని తలచి ఎంతయో సంతసించెనని కికెరో వాక్కు. కథ స్వల్పము. కాలిడోరస్ వలచిన ఫెనీకియమును బల్లియో అను వేశ్యావర్తకుడు ఒక మాసిడోనియా సైనికునికి 20 మీనాల వెండికి అమ్మెను. 15 ముట్టినవి, తక్కిన 5 మీనాలను, ముద్రాంకితమైన లేఖను తెచ్చినవానికి ఆమెను అప్పగింపవలెను. కాలిడోరస్ ఇంటి బానిసయగు స్యూడోలస్, యువకుని తండ్రియైన సైమోను ముందుగనే హెచ్చరించి, 20 మీనాలు ఆయనచేతనే ఇప్పింతునని పందెము కాచును. దూత హార్పాక్స్ రాగా, తాను బల్లియో సేవకుడనని నమ్మించి లేఖను చేజిక్కించుకొనును. ఎరవు తెచ్చిన 5 మీనాలతో సీమియాను దూతవేషమున పంపి కార్యము సాధించును.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. పందెము కాచునాటికి స్యూడోలస్ వద్ద నిశ్చితమైన ఉపాయమేదియు లేదు. లేనిదానిని కల్పించి ఉన్నట్లు తోపించు కవితో అతడు తన్ను పోల్చుకొనును. లేఖ కంటబడగానే అంతవరకు అల్లిన పన్నుగడలను విడనాడును. కావున అతని ప్రజ్ఞ ముందు చూపులో లేదు. ఎదుటికి వచ్చినదానిని తత్క్షణమే అందిపుచ్చుకొనుటలో ఉన్నది.

విదూషకుడు దీనికి కేవలము విరుద్ధుడు. అతడు బ్రాహ్మణుడు, రాజునకు నర్మసచివుడు. ‘విక్రమోర్వశీయము’న ఊర్వశి వ్రాసిన భూర్జపత్రలేఖ విదూషకుని చేయిజారి రాణికి దొరకును. ఒకడు పరుల లేఖను పట్టును. వేరొకడు తనకప్పగించిన లేఖను పోగొట్టును. ఇరువురును నవ్వింతురు, కాని నవ్వునకు హేతువు వేరు.

స్యూడోలస్‌కు దగ్గరివారిని వెదకినచో ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలలో కాననగును. ఆ గ్రామ కళాకారుడు దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ పురస్కృతుడైనాడు. రామాయణకథ నడుమ జుట్టుపోలిగాడు, కేతిగాడు, బంగారక్క తెరపైకి వచ్చి వాడుకమాటలతో ప్రేక్షకులను పలుకరింతురు. స్యూడోలస్ కూడ పలుమారులు కథను నిలిపి సభతో ముచ్చటించును. అయినను భేదము కలదు. పోలిగాడెంత వాగినను సీత చెర విడదు. కథాగతి అతని చేతిలో లేదు. స్యూడోలస్ లేనిదే కథయే లేదు.

మరి కథను నడపిన సేవకునికి దక్కినదేమి? హిందూపురము చేరువనున్న లేపాక్షిలో ఒక ఐతిహ్యము ప్రచారమున నున్నది. అచ్యుతరాయల కాలమున పెనుకొండ కోశాధికారిగానున్న విరూపణ్ణ రాజధనమును ఆలయమునకు వెచ్చించెనన్న నిందపై, తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టెనందురు. ఏలికసొమ్ముపై చేయివేసిన కొలువుకానికి లోకము ఊహించిన ఫలమిది. స్యూడోలస్‌కు అట్టి గతి పట్టదు; ఓడినచో తిరుగలిచాకిరి తప్పకున్నను, గెలిచి, మద్యమత్తుడై, యజమానునిచేతనే ధనమును తెప్పించుకొనును. కాని సైమోకు నిజముగా నష్టమున్నదా? బల్లియో గర్వించి ఆయనతో అంతే మొత్తమునకు పందెమొడ్డి ఓడినాడు. యజమానుని సంచి చెక్కుచెదరలేదు. స్యూడోలస్ బానిసత్వమును చెదరలేదు.

‘మృచ్ఛకటికము’లోని స్థావరకుని ఇచ్చట స్మరింపవలెను. అతడు శకారుని బానిస. వసంతసేనను చంపుమన్న ఆజ్ఞను కానుకలకు లొంగక, దెబ్బలకు వెరవక తిరస్కరించెను. అతడు సత్యము చాటినను బానిసమాటయగుటచే చెల్లలేదు. అయినను తుదకు నాటకము అతనికి దాస్యవిముక్తి ప్రసాదించినది.

యుక్తిపరునికి ధనము, సత్యవాదికి స్వేచ్ఛ: రెండు నాటకములు రెండు విధముల తీర్పు చెప్పినవి. ప్లౌటస్ కృతిని బానిస విజయగాథగా చదువుట మాకు సమ్మతము కాదు. అది ఒక పండుగదినపు విజయము. మరునాటి ఉదయమున స్యూడోలస్ మరల సైమో ఇంటి పనివాడే. ఆ నవ్వు వెనుకనున్న ఈ మరునాటిని గుర్తించినప్పుడే ప్రహసనమునకు న్యాయము చేసినవారమగుదుము.